ఎఱుక తప్పినవారికి విద్యుచ్చికిత్స

విద్యుచ్ఛక్తి మన యిండ్లకు వచ్చి చాల కాలమైనది. దీపము వెలిగించుట, పిండి రుబ్బుట, నీరు తోడుట మొదలగు పనులు దానిచేతనే జరుగుచున్నవి. గుండె లయ తప్పినవారికి రొమ్ములో చిన్న యంత్రము నమర్చి, దానిచే గుండెను నడిపించుటయు నేడు వింత గాదు. ఇక నా శక్తిచేతనే, తలకు దెబ్బ తగిలి నెలల తరబడి, ఏండ్ల తరబడి ఎఱుక లేక పడియున్న మనుష్యుని మరల మన మధ్యకు తీసికొని రావచ్చునా యను ప్రశ్న యొకటి వైద్యలోకమున ఏబదియేండ్లకు పైగా నలుగుచున్నది. నేను వైద్యురాలను గాను. ఉన్నత పాఠశాలలో సామాన్యశాస్త్రము చెప్పుదానను. మా బంధువర్గమున నొకరికి ఇట్టి అవస్థ ప్రాప్తించుటచే, నాలుగేండ్లుగా చదివియు, వైద్యుల నడిగియు, ప్రక్కన కూర్చుండి చూచియు తెలిసికొన్న సంగతులు సోదరీమణులకు ఉపకరింపవచ్చునని వ్రాయుచున్నాను. ఇట్టి రోగి యే యింట నున్నను, అతని మంచము ప్రక్కన రాత్రింబవళ్లు కూర్చుండునది తఱుచుగా స్త్రీయే గదా.

ముందుగా మాటలు సరిచూచుకొనవలెను. మనము ఏ అవస్థనైనను ‘స్మృతి తప్పిన’దనియో, ‘కోమాలో నున్నా’డనియో చెప్పివేయుదుము. వైద్యులు మాత్రము దానిని మూడు మెట్లుగా విడదీయుదురు. కన్నులు మూసికొని, ఎంత పిలిచినను, గిల్లినను మేల్కొనక యుండుట కోమా. ఇది సాధారణముగా కొలది వారములకు మించి నిలువదు. అంతలో రోగి గతించుటయో, తేరుకొనుటయో, లేక కన్నులు తెఱచి రెండవ మెట్టునకు వచ్చుటయో జరుగును. ఈ రెండవ మెట్టున రోగి పగలు కన్ను తెఱచును, రాత్రి నిద్రించును, స్వయముగా ఊపిరి పీల్చును, ఆవులించును, ఒక్కొక్కప్పుడు నవ్వినట్లు గూడ కనబడును. కాని తానున్నానని గాని, ఎదుట మనమున్నామని గాని ఎఱిగిన గుర్తు ఒక్కటియు గానరాదు. 1972లో బ్రయాన్ జెన్నెట్, ఫ్రెడ్ ప్లమ్ అను వైద్యులు దీనికి చెట్టుచేమల బ్రతుకను నర్థము స్ఫురించు పేరు పెట్టిరి. ఆ పేరు రోగిని చిన్నబుచ్చునట్లున్నదని 2010లో ఐరోపా వైద్యులు కొందఱు ‘బదులు లేని మెలకువ’ యను నర్థము వచ్చు పేరును సూచించిరి. నాకు రెండవదియే సమంజసముగా తోచుచున్నది. మొదటి పేరు విన్ననాడు మా ఆడబిడ్డ రెండు దినములు అన్నము ముట్టలేదు.

మూడవ మెట్టు ‘అల్ప చైతన్యము’. దీని లక్షణములను 2002లో వైద్యులు నిర్ణయించిరి. ఈ మెట్టున నున్నవాడు ఒకప్పుడు కంటితో మనిషిని వెంబడించును. ఒకప్పుడు ‘చేయి నొక్కు’ మనిన నొక్కును. మఱునాడు ఎంత బ్రతిమాలినను చేయడు. ఈ రెండవ మెట్టునకును మూడవ మెట్టునకును గల భేదము పైకి చూచుటకు గోరంత. చికిత్స విషయమున నదియే కొండంత. ఎందువలననో ముందు చెప్పెదను.

మా ఆడబిడ్డ భర్త వరుసకు నాకు అన్నగారు. నాలుగేండ్ల క్రిందట, తన ముప్పదినాలుగవ యేట, రాత్రివేళ మోటారు సైకిలుపై ఇంటికి వచ్చుచు కాలువగట్టు మలుపున పడిపోయెను. శిరస్త్రాణము బండికి తగిలించి యుండెనే గాని తలపై లేదు. మూడు వారములు కోమా. ఇరువదిరెండవ దినమున కన్ను తెఱచెనని ఆస్పత్రినుండి కబురు రాగానే వారి తల్లిగారు వీధిలో నందఱకును పంచదార పంచిపెట్టిరి. కన్ను తెఱచుట వేఱు, చూచుట వేఱు అను సంగతి మాకు బోధపడుటకు మఱి రెండు నెలలు పట్టెను. పిమ్మట ఇంటికి తెచ్చిరి. ముక్కునుండి గొట్టము, తరువాత పొట్టకు గొట్టము, రెండు గంటల కొకమాఱు ఒత్తిగిలించుట, కఫము తీయుట. ఇద్దఱు ఆడపిల్లలు బడికి పోవువారు. ఇట్లు రెండేండ్లు గడచెను.

అప్పుడు ఒక పట్టణములోని చికిత్సాలయమువారి సంగతి ఎవరో వచ్చి చెప్పిరి. తలకు నలువది దినములు కరెంటు పెట్టినచో మాటలాడించెదమనియు, సొమ్ము ముందుగా చెల్లింపవలెననియు వారి మాట. రోగిని కన్నులార చూడకయే, తలబొమ్మలు పరిశీలింపకయే యిచ్చిన మాట యిది. ఆడబిడ్డ బావగారు మంచివారు. తమ్మునికొఱకు ఎకరమున్నర మాగాణి అమ్మివేయుటకు సిద్ధపడిరి. ఆ భూమి తప్ప ఆ పిల్లలకు వేఱు ఆధారము లేదు. ఆమె నా చేయి పట్టుకొని, “వదినా, వద్దంటే ఆయన్ని నేనే వదిలేసినట్టవుతుంది. సరేనంటే పిల్లల నోట్లో మట్టి కొట్టినట్టవుతుంది. నువ్వు చదువుకున్నదానివి, ఇందులో నిజమెంతో చూసి చెప్పు” అన్నది. ఆ ‘నిజమెంత’ యను దానిని వెదకుటయే నా పని యయ్యెను.

విద్యుత్తునకును ప్రాణమునకును సంబంధము కలదని మొదట లోకమునకు చాటినవాడు ఇటలీ దేశమున బొలోనా నగరమందలి లూయీజీ గల్వానీ. చచ్చిన కప్ప కాళ్లు విద్యుత్స్పర్శచే కొట్టుకొనుటను గూర్చిన ఆయన గ్రంథము 1791లో వెలువడెను. ఆయన భార్య లూచియా గలియాజీ శరీరశాస్త్రజ్ఞుని కుమార్తె. భర్త ప్రయోగములలో ఆమెయు పాలు పంచుకొన్నది. గ్రంథము అచ్చుపడునాటికి ఆమె బ్రతికి లేదు. పేరంతయు ఆయనకే దక్కినది. ఇట్టివి మనకు క్రొత్త గావు. గల్వానీ మేనల్లుడు జియోవన్నీ అల్దీనీ మఱియు సాహసించి, 1803లో లండను నగరమున, ఉరితీయబడిన యొక నేరస్థుని శవమునకు విద్యుత్తు తాకించెను. శవము దవడ వణకెను, ఒక కన్ను తెఱచుకొనెను. చూడవచ్చినవారు భయభ్రాంతులైరి. కండరము కదలినంత మాత్రమున మనిషి లేచినట్లు గాదని చెప్పుటకు ఇంతకంటె గట్టి తార్కాణము దొరకదు. మా పట్టణపు చికిత్సాలయమువారు చూపిన చలనచిత్రములలోను కదలుచున్న వ్రేళ్లే యుండెను.

శాస్త్రీయమైన త్రోవ 1949లో తెఱచుకొన్నది. మొరూజీ, మగూన్ అను నిద్దఱు శాస్త్రజ్ఞులు మత్తులోనున్న పిల్లుల మెదడుకాండమున నొక భాగమును విద్యుత్తుతో ప్రేరేపింపగా, మెదడునందలి నిద్రాతరంగములు మెలకువ తరంగములుగా మాఱినవి. అనగా మెలకువ యనునది మెదడంతటను దానంతట నది కలుగునది గాదనియు, దానిని నిలుపునట్టి మూలస్థానము క్రింద నొకటి కలదనియు తేలెను. ఆ స్థానమునుండి పైకి పోవు త్రోవలో, మెదడు నడిమి గర్భమున, థలమస్ అను భాగము కలదు. మన కృష్ణా గోదావరీ డెల్టాల సోదరీమణులకు దీనిని సులభముగా చెప్పవచ్చును. పైమెదడు పొలమనుకొనుడు, క్రింది మెదడు కాలువ, థలమస్ నడిమి భాగము తూము. పెద్ద దెబ్బ తగిలినపుడు పొలము చాలవఱకు నిలిచియు తూము పూడిపోవచ్చును. అట్టిచోట తూమును కదలించినచో నీరు మరల పాఱవచ్చును. కాని పొలమే కొట్టుకొనిపోయి యిసుకమేట వేసినచోట తూమెంత తెఱచినను పంట రాదు. ఈ చికిత్స యొక్క ఆశయు, హద్దును ఈ రెండు మాటలలోనే యున్నవి.

ఈ తూమును కదలించు ప్రయత్నములు జర్మనీలోను, పిదప జపానులోను జరిగినవి. లోకమంతట పేరు పొందినది మాత్రము 2007లో ‘నేచర్’ పత్రికయందు ప్రకటింపబడిన అమెరికా ప్రయోగము. న్యూయార్కు వైద్యుడు నికొలస్ షిఫ్, న్యూజెర్సీయందు పునరావాస వైద్యము చేయు జోసెఫ్ జియాసీనో, శస్త్రవైద్యుడు అలీ రెజాయీ మొదలైనవారు కలిసి దీనిని చేసిరి. రోగి 38 ఏండ్ల పురుషుడు. తలకు దెబ్బ తగిలి ఆఱేండ్లకు పైగా అల్ప చైతన్యావస్థలో నుండెను. గొట్టముద్వారానే ఆహారము. ఒక్కొక్కప్పుడు కంటితోనో వ్రేలితోనో చిన్న బదులు; అంతకు మించి లేదు. ఆతని మెదడును పరీక్షింపగా భాషకు సంబంధించిన భాగములు చాలవఱకు నిలిచియే యున్నట్లు తెలిసెను. అనగా పొలమున్నది. అప్పుడు పుఱ్ఱెకు రంధ్రములు చేసి, రెండు ప్రక్కల థలమస్సునందును సన్నని తీగలు దించి, రొమ్ము చర్మము క్రింద నుంచిన యంత్రముతో వానిని కలిపిరి.

వారు చేసిన పరీక్షావిధానము నాకెంతయు నచ్చినది. ఆఱు నెలలు, ఒక నెల ప్రవాహము నడపుట, ఒక నెల ఆపుట. ఏ నెలలో నడచుచున్నదో, ఏ నెలలో ఆగియున్నదో రోగిని పరీక్షించువారికి గాని, ఇంటివారికి గాని చెప్పరు. ఇట్లుండినగాని ఆశ కంటిని మోసపుచ్చును. ప్రవాహము నడచిన కాలమున ఆ రోగి వస్తువుల పేర్లు చెప్పగలిగెను. చేతితో అర్థవంతమైన సైగలు చేయగలిగెను. అన్నిటికంటె ముఖ్యముగా, నమిలి మ్రింగగలిగెను. తరువాతి కాలమున తల్లితో తన ప్రేమను తెలిపెననియు, దుకాణమునకు తీసికొని పోగా తన కిష్టమైన బట్టను ఎంచుకొనెననియు ఆ బృందమునందలి వైద్యులు వ్రాసిరి. నడువలేడు, ఇతరుల సాయము లేక బ్రతుకలేడు. అయినను కుమారుడు తన నోటితో నన్నము తినుట చూచిన ఆ తల్లికి అది కొంచెమా?

ఇది యొక్క రోగి కథ. ఆతని వంటివారిని ఎంతో వెదకి యెన్నుకొనిరి. పుఱ్ఱెను తొలుచు నిట్టి శస్త్రచికిత్స ఈ అవస్థకు నేటికిని పరిశోధనయే గాని సామాన్య వైద్యము గాదు.

మా వారికి చెప్పిన కరెంటు ఇది గాదు, తలపైనుండి పెట్టు స్వల్ప ప్రవాహము. ఉప్పునీట తడిపిన రెండు స్పాంజి బిళ్లలను, ఒకటి ఎడమ నుదుటిపై, ఒకటి కుడి కంటి పైభాగమున నుంచి, 2 మిల్లీ ఆంపియర్ల ప్రవాహమును 20 నిమిషములు పంపుదురు. మన చేతిఫోనునకు పెట్టు చార్జరు 2 ఆంపియర్లు ఇచ్చుననుకొన్నచో, అందులో వేయవ వంతన్నమాట. చీమ కుట్టినట్లు కొంచెము చురచుర తప్ప బాధ యుండదు. బెల్జియము దేశమున లియేజ్ నగరమందలి స్టీవెన్ లోరీస్ గారి బృందములోని ఒరోర్ థిబో యను విదుషి మొదలైనవారు దీనిని 55 మంది రోగులపై పరీక్షించి 2014లో ప్రకటించిరి. అల్ప చైతన్యావస్థలో నున్న 30 మందిలో 13 మందికి ఆ యొక్కమాఱు చికిత్సతో కొంత మెలకువ పెరిగెను. బదులు లేని మెలకువలో నున్న 25 మందిలో ఇద్దఱికి మాత్రమే. ఆ మేలును కొలది గంటలు నిలిచినదే గాని శాశ్వతము గాదు. సోదరీమణులారా, ఈ రెండు అంకెలను ప్రక్కప్రక్కన పెట్టి చూడుడు. గోరంత భేదము కొండంత యని నే నందుకే యన్నాను.

మఱియొక త్రోవ మెడలోని వేగస్ నాడి ద్వారా పోవుట. ఫ్రాన్సునందలి లియోన్ నగరమున ఆంజెలా సిరిగూ అను విదుషి మొదలైనవారు 2017లో ఇట్టి ప్రయోగ మొకటి ప్రకటించిరి. కారు ప్రమాదముచే 15 ఏండ్లుగా ఎఱుక లేకయున్న 35 ఏండ్ల పురుషునకు మెడనాడికి యంత్ర మమర్చి నెల దినములు ప్రేరేపింపగా, ఆతడు కంటితో వస్తువును వెంబడించుట, అడిగిన వైపునకు తల త్రిప్పుట మొదలు పెట్టెను. పదునైదేండ్ల తరువాత కూడ మార్పు సాధ్యమని తెలియుట సామాన్యము గాదు. అయితే ఆ మార్పు రెండవ మెట్టునుండి మూడవ మెట్టునకే గాని, మంచము దిగి నడచుటకు గాదు. వార్తాపత్రికలవారు మాత్రము ‘పదునైదేండ్లకు మేల్కొనెను’ అని పెద్ద అక్షరములతో వేసిరి.

నాలుగేసి వారములు వరుసగా నుదుటి చికిత్స చేసి చూచిన పరిశోధనలును గలవు. యంత్రము నింటికిచ్చి, ఇంటివారిచేతనే పెట్టించి చూచిరి; పనిని వారు చక్కగా చేయగలిగిరి గాని, ఫలితములు మాత్రము మిశ్రమముగానే వచ్చినవి. కొందఱికి మేలు, పెక్కుమందికి గుర్తింపదగిన మార్పే లేదు. తలకు దెబ్బ తగిలినవారికి ఆశ కొంత హెచ్చు. గుండె యాగుటచేతనో, నీట మునుగుటచేతనో మెదడంతటికి ప్రాణవాయువు అందక పాడైనవారికి ఆశ తక్కువ. అది పొలమే పోయిన సంగతి గదా. మాత్రల విషయమొకటి కూడ ఇచట చెప్పవలెను. అమాంటడీన్ అను పాత మందును తలదెబ్బ రోగులు 184 మందిపై పరీక్షించి, అది కోలుకొనుటను త్వరపెట్టునని 2012లో తేల్చిరి. విద్యుచ్చికిత్సకు పొలము లమ్ముకొనుటకు ముందు, దెబ్బ తగిలిన తొలి నెలలలోనే ఈ మాత్ర మా రోగికి తగునా యని వైద్యుని అడుగుట మంచిది.

రెండు హెచ్చరికలు. ఇంటి గోడలోని కరెంటు 230 వోల్టులది. అది ప్రాణము తీయును. ఎవరో చెప్పిరని బ్యాటరీలు, తీగలు తెచ్చి రోగి తలకు తగిలించు ప్రయత్నము ఎన్నటికిని చేయరాదు. తలలో లోహపు ముక్కలున్నవారికి, పుఱ్ఱె యెముక తీసివేసినవారికి, మూర్ఛలు వచ్చువారికి స్వల్ప ప్రవాహము కూడ నిపుణులు నిర్ణయింపవలసినదే. ఇక రెండవది: మనోవ్యాధులకు ఇచ్చు ‘షాకు’ వైద్యము వేఱు. అది 1938లో రోమునగరమున ఆరంభమైనది. హెచ్చు ప్రవాహముతో మూర్ఛ పుట్టించునది, నేడు మత్తుమందిచ్చి చేయుదురు. మా అన్నగారి తల్లిగారు ఈ రెండింటిని ఒకటిగా భావించి, ‘నా బిడ్డను పిచ్చివాణ్ణి చేస్తారా’ యని ఒకనాడంతయు ఏడ్చిరి. పాపము, ఆమెకు చెప్పినవారెవరు?

ఇంతవఱకు చదివిన తరువాత నాకు స్పష్టమైన దేమనగా, కరెంటు పెట్టవలెనా వద్దా యను ప్రశ్న రెండవది. మొదటి ప్రశ్న, లోపల మనిషి యున్నాడా యనునది. దీనికి బదులు చెప్పుట వైద్యులకును సులభము గాదు. 2009లో బెల్జియమునందు, ఎఱుక ఏమాత్రము లేదని వైద్యులు ఏకాభిప్రాయముతో తేల్చిన 44 మందిని ప్రత్యేకమైన కొలమానముతో మరల పరీక్షింపగా, 18 మందికి ఎఱుక గుర్తులు కనబడినవి. నూటికి నలువదిమంది! వారిని నిర్లక్ష్యముతో చూచిరని గాదు. ఇట్టి రోగి గంటకొక తీరున నుండును. వైద్యుడు వచ్చిన పది నిమిషములలో నిద్రించుచున్నచో ఆ దినమునకు ఎఱుక లేనివాడే.

2006లో ఇంగ్లాండున ఏడ్రియన్ ఓవెన్ మొదలైనవారు ప్రకటించిన యొక సంగతి చదివి నేను చాలసేపు పుస్తకము మూసి కూర్చుంటిని. రోడ్డు ప్రమాదమున దెబ్బ తగిలి, ఐదు నెలలైనను బదులు లేక పడియున్న 23 ఏండ్ల యువతిని మెదడు చిత్రములు తీయు యంత్రమునందు పరుండబెట్టి, ‘టెన్నిసు ఆడుచున్నట్లు ఊహింపుము’ అనిరి. పిమ్మట, ‘నీ యింటిలో ఒక గదినుండి మఱియొక గదికి నడచుచున్నట్లు ఊహింపుము’ అనిరి. ఆరోగ్యవంతుల మెదడులో ఏయే భాగములు చలించునో ఆమె మెదడులోను అవియే చలించినవి. కను రెప్పయు కదలని ఆ పిల్ల, మనసులో తన యింటి గదులన్నియు తిరిగి వచ్చినదన్నమాట. అది యొక్క ఆమె విషయమే యని సరిపెట్టుకొనుటకు వీలు లేదు. 2024లో ప్రకటింపబడిన యొక పెద్ద పరిశీలనలో, మంచము ప్రక్కన చెప్పిన మాటకు ఏ బదులును ఇయ్యని 241 మందిలో 60 మంది ఇట్లు లోలోపల మాట విని పాటించుచున్నట్లు తెలిసెను. నలుగురిలో ఒకరు. ఇది చదివిన నాటినుండి ఆ గదిలో ఖర్చుల మాటయు, ‘ఎన్నాళ్లీ బ్రతుకు’ అను మాటయు ఎవ్వరును ఎత్తరాదని నేను కట్టడి చేసితిని. బావగారు మొదట నవ్విరి; తరువాత వారే గుమ్మము దాటి వచ్చి మాటలాడుట అలవఱచుకొనిరి.

జిల్లా పట్టణమున నొక నాడీవైద్యురాలి కడకు తీసికొనిపోతిమి. ఆమె పెద్ద యంత్రము లేవియు తీయలేదు. చేతిసంచిలోనుండి గుండ్రని అద్ద మొకటి తీసినది. రోగి ముఖమునకు అడుగు దూరమున నుంచి మెల్లగా ఎడమకు, కుడికి, పైకి, క్రిందికి కదిపినది. మనిషిని గాని, వస్తువును గాని వెంబడింపని కన్ను తన ముఖమును తాను వెంబడించుట కలదనియు, ఎఱుకను పరీక్షించుటకు అద్దమే మేలైన సాధనమని పరిశోధనలో తేలినదనియు చెప్పినది. గంట మ్రోగించుట కంటె రోగిని తన పేరుతో పిలుచుట మేలట. మొదటి రోజు అన్నగారు అద్దమును చూడలేదు. ఆమె విసుగు చెందక, రెండు వారములలో ఐదుమాఱులు పరీక్షింపవలెనని నియమమున్నదని చెప్పి మరల రమ్మన్నది. మూడవ పర్యాయమున అద్దము ఎడమకు పోగా కన్నులు రెండును దానివెంట పోయినవి. మరల కుడికి, మరల ఎడమకు. మా ఆడబిడ్డ నోటికి కొంగు అడ్డము పెట్టుకొన్నది. “చెప్పానా వదినా! ఆయన తెల్లవారుజామున నన్ను చూస్తారని చెప్తే అందరూ నా భ్రమ అన్నారు” అన్నది.

ఆమె చెప్పినది నిజమే. అయినను భ్రమయు గలదని వైద్యురాలు మెత్తగా తెలియజెప్పినది. అరచేతిలో వ్రేలుంచిన పట్టుకొనుట, పెద్ద చప్పుడునకు ఉలికిపడుట, కారణము లేక కన్నీరు కారుట, ఇవి ఎఱుక లేకయు జరుగును. కావున ఒకమాఱు చూచి పొంగిపోవుట గాని, ఒకమాఱు చూడక నిరాశపడుట గాని తగదు. ఒకే మాటను, ఒకే తీరున, వేర్వేఱు వేళల అడిగి, చేసినది ఎన్నిమాఱులు, చేయనిది ఎన్నిమాఱులు అని వ్రాయవలెను. అడుగనపుడు అదే కదలిక వచ్చుచున్నదేమో అదియు చూడవలెను. స్నానము, ఒత్తిగిలింపు అయిన తరువాత మెలకువ హెచ్చుగా నుండు వేళను కనిపెట్టవలెను. ఆనాడే పెద్దపిల్ల బడి నోటుపుస్తక మొకటి ఆ మంచమునకు కట్టబడెను. దువ్వెన, చెంచా రెండింటిని ఎదుట పట్టుకొని ‘దువ్వెన చూడండి’ యనుట ఆమె పరీక్ష.

మన దేశమున ఇట్టి సేవకు ముంబయి కె.ఇ.ఎం. ఆస్పత్రి నర్సులను మించిన తార్కాణము లేదు. 1973లో తమతోడి నర్సు అరుణా శాన్‌బాగ్ దౌర్జన్యమునకు గురియై ఎఱుక కోల్పోగా, 2015లో ఆమె మరణించు వఱకు 42 ఏండ్లు ఆ ఆస్పత్రి నర్సులే తరము తరువాత తరముగా ఆమెను సాకిరి. ఇష్టమైన ఆహారము పెట్టినపుడు ఆమె ముఖమున చిఱునవ్వు కనబడునని వారు చెప్పెడివారు. ఆమె ప్రాణమును గూర్చిన వ్యాజ్యముపై 2011లో సుప్రీముకోర్టు తీర్పు చెప్పినపుడు ఆ నర్సుల సేవను ఎంతయు కొనియాడినది. ఒంటిమీద పుండు పడకుండ, కీళ్లు బిగియకుండ, ఊపిరితిత్తులలో కఫము చేరకుండ కాపాడినవారికే ఏ క్రొత్త చికిత్సయైనను అందుబాటులోనికి వచ్చునప్పటికి రోగి దక్కియుండును. యంత్రమును గూర్చి వ్రాయువారు ఈ చాకిరిని గూర్చి ఒక్క వాక్యముతో దాటిపోవుట నాకు కష్టముగా నుండును.

తుదకు మేము చేసినదేమనగా, పొలము అమ్మలేదు. ముందుగా సొమ్మడిగిన చికిత్సాలయమునకు పోలేదు. వైద్యురాలు ఇది పరిశోధనాస్థితిలో నున్న చికిత్సయేననియు, మాటలాడించెదనని తాను మాట ఇయ్యజాలననియు ముందే చెప్పి, నుదుటి ప్రవాహము నాలుగు వారములు, వారమునకు ఐదు దినములు పెట్టించినది. దానికైన ఖర్చు బావగారు భరించిరి. మొదటి రెండు వారములు నోటుపుస్తకమున ఏ మార్పును లేదు. మూడవ వారమున ‘దువ్వెన’ యన్నపుడు పదింట నాలుగుమాఱులు కన్ను దువ్వెనవైపు పోయెను. నాలుగవ వారమున పదింట ఆఱు. మ్రింగుటను నిపుణులు పరీక్షించిన తరువాత, నడుము ఎత్తి కూర్చుండబెట్టి, మెత్తగా చిదిమిన పెరుగన్నము రెండు చెంచాలు పెట్టుటకు అనుమతించిరి. గొట్టము నేటికిని ఉన్నది. మాట లేదు. ఈ మార్పు ప్రవాహమువలననా, పరీక్షలు మొదలైన నాటినుండి ఇంటివారందఱు ఆయనతో మాటలాడుటవలననా, కాలమువలననా యని నేనడుగగా, ఒక్క రోగిని చూచి తాను చెప్పలేనని వైద్యురాలు నిజాయితీగా పలికినది. ఆ మాటకే నాకు ఆమెయందు గౌరవము కలిగినది.

చికిత్స ఆపిన తరువాత ఆ లెక్క ఒక వారము తగ్గి, మరల పెరిగినది. రెండవ విడత పెట్టవలెనా, వద్దా యనుటకు ఆఱు వారముల లెక్కలు చూడవలెనని ఆమె అభిప్రాయము. ఈ శనివారమునకు ఆఱు వారములు నిండును. చిన్నపిల్ల, ‘నాన్న చూచినది’ అను పుటలో ఎవరికిని చెప్పకయే తన పేరును గూడ చేర్చి, దానిక్రింద మూడు గీతలు గీసినది. ఆ గీతలను లెక్కలోనికి తీసికొనవచ్చునా యని వైద్యురాలిని అడుగవలసియున్నది.